తిన్నని అంచు లేని గౌను

జెండా వెళ్ళిపోయింది. ముక్కలు మిగిలాయి.

పొద్దున డ్యూటీకి పోతూ దేవదానం దాన్ని చొక్కా లోపల పొట్టకు చుట్టుకున్నాడు. పైన మసి కోటు తొడుక్కుని కాజీపేట స్టేషనుకు నడిచాడు. అతను ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. డోర్నకల్‌లో ఎవరో అందుకుంటారని చెప్పాడు. ఎవరని అతని భార్య ఎస్తేరు అడగలేదు. తెలిస్తే ఎప్పుడో ఒకప్పుడు నోటినుంచి వస్తుంది.

ఢిల్లీలో ఆగస్టు నెలలో ఎగిరిన ఆ జెండాను నిజాం రాజ్యంలో ఎగరేస్తే జైలే. కుట్టినవాళ్ళకూ జైలే.

ఆమె ముందురోజంతా మిషను తొక్కింది. నడుము విరిగినట్టుంది. చాప మీద ఒరిగిందో లేదో, పిట్టగోడ అవతలనుంచి ఖతీజాబీ పిలిచింది. కొత్తవాడలో ఆ రెండిళ్ళకూ మధ్య ఆ పొట్టి గోడ ఒక్కటే అడ్డం. ఖతీజాబీ ఇంట్లో జంపఖానాల మగ్గం ఆడుతుంది, ఇక్కడ మిషను ఆడుతుంది. పక్క వీధిలో జెండాల కోసం పోలీసులు దిగారని, మగ్గం గుంటల్లో కూడా వెతుకుతున్నారని, కుట్టుపని చేసే ఇల్లు ఒక్కటీ వదలడం లేదని ఆమె చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

ఎస్తేరు లేచి కూర్చుంది. ముందు గంపలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పీలికలు. కాలిస్తే కొత్తగుడ్డ కమురు వాసన వీధంతా పోతుంది. బయట పారేస్తే ఇంకా ప్రమాదం. బట్టకు కూపన్లు పెట్టిన రోజుల్లో కొత్తగుడ్డ పారేసేవాళ్ళెవరు?

మిగిలింది ఒకటే దారి. వీటితో ఏదో ఒకటి కుట్టాలి.

పీలికలన్నీ తిన్నగా, బద్దల్లా ఉన్నాయి. మూడు రంగుల మూడు బద్దలను ఎలా పక్కపక్కన పెట్టినా జెండాయే కనిపిస్తోంది. ఆమె కత్తెర తీసుకుంది. తిన్నని అంచు అన్నది ఇంట్లో మిగలకూడదు.

అన్నిటినీ ఒంపుగా కోసింది. పైన కాషాయం, దాని కింద నెలవంకలా తెలుపు, ఆ తెలుపును ఒడిలో పెట్టుకున్నట్టు ఆకుపచ్చ. గుడ్డ ఉన్నంతకు చిన్నపిల్ల గౌను అవుతుంది.

ఒంపు కుట్టు మొండిది. ఒక ముక్క పొట్ట బయటికి, రెండో ముక్క గుంట లోపలికి. రెంటినీ కలిపి పరిస్తే ఒకదాన్నొకటి చూడవు. గుంట అంచుకు చిన్నచిన్న గాట్లు పెట్టి, గుండుసూదులతో బతిమాలుతూ తిప్పుకోవాలి. లాగితే ముడత. వదిలితే ఉబ్బు. ఎస్తేరుకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఒకసారి సూది గోటిని తాకింది. వేలు నోట్లో పెట్టుకుని మళ్ళీ తొక్కింది.

ఆకుపచ్చకు కింది అంచు మడవడం ఒక్కటే మిగిలి ఉండగా తలుపు చప్పుడైంది.

అమీన్ ఖాజా పాషా ఆ ప్రాంతపు పోలీసు అధికారి. ఇద్దరు జవాన్లను గడప దగ్గర నిలబెట్టి లోపలికి వచ్చాడు. అతనూ పొద్దుటినుంచి తిరుగుతున్నట్టున్నాడు, టోపీ కింద చెమట కారుతోంది. భర్త ఎక్కడని అడిగాడు. డ్యూటీలో అంది. గంప తిరగేశాడు. దారపు ఉండలు తప్ప ఏమీ రాలలేదు. అప్పుడతని చూపు మిషను మీద పడింది.

"ఇదెవరికి?"

దానికి ఆమె జవాబు సిద్ధం చేసుకోలేదు. గౌను కుట్టాలనుకుంది గానీ, అది తొడుక్కునే పిల్ల గురించి ఆలోచించలేదు. ఈ మనిషి తనను తీసుకుపోతే, కొడితే, దేవదానం పేరు ఎంతసేపు దాచగలదు? తన నోటి మీద తనకు నమ్మకం లేదు.

"పక్కింటి ఖతీజాబీ మనవరాలికి సాబ్. బాప్తిస్మానికి."

అన్న తర్వాత గాని ఆ మాట ఆమె చెవికి ఎక్కలేదు. ముస్లింల ఇంట్లో బాప్తిస్మమా!

అమీన్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చర్చి వాళ్ళ మిషన్ కాంపౌండు వెనక ఇంట్లోనే తాను పెరిగానని, బాప్తిస్మాలు చాలా చూశానని నెమ్మదిగా చెప్పాడు. "అన్నిట్ల తెల్లబట్టలే చూసిన. ఇక ఖతీజాబీ మనవరాలికి బాప్తిస్మం ఎవరిస్తున్నరమ్మా?"

జవాను గోడ దగ్గరికి పోయి పిలిచాడు. ఖతీజాబీ చేతికంటిన నూలుపోగులు దులుపుకుంటూ వచ్చింది. అమీన్ ఆమెను ఏమీ అడగలేదు. ఎస్తేరు అన్న మాటను అన్నట్టే వినిపించి ఊరుకున్నాడు.

ఖతీజాబీ ఎస్తేరును చూసింది. మిషను మీది రంగులను చూసింది. ఒక్క క్షణం అంతే.

"బాప్తిస్మం కాదు సాబ్, బిస్మిల్లా. పిల్లకు అలిఫ్ బే అక్షరాలు మొదలుపెట్టిస్తున్నం. వారం సంది చెప్తున్న, ఈమెకు నోరు తిరుగతలేదు. చర్చి నోరు గద, బిస్మిల్లా అనమంటే బాప్తిస్మం అంటది. మొన్న మా కోడలికి నవ్వీ నవ్వీ పొలమారింది."

గడప దగ్గర ఒక జవాను నవ్వు ఆపుకున్నాడు. అమీన్ నవ్వలేదు. నాలుగేళ్ళు దాటితే గాని బిస్మిల్లా చెయ్యరు కదా, ఈ గౌను రెండేళ్ళ పిల్లకే సరిపోయేలా ఉందేమని అడిగాడు.

"కూపన్ల మీదొచ్చే కంట్రోల్ జొన్నలు తిని పెరిగే పిల్ల. ఇంతకన్న ఏం ఎదుగుతది?"

"ఈ రంగులు?"

ఖతీజాబీ గౌను అందుకుని మోకాలి మీద పరిచింది. "ఆకుపచ్చ మీద చాంద్ పెట్టమన్న. ఇగో, పెట్టింది. పైన గుడ్డ చాలక జాఫ్రానీ రంగుది అతికింది. ఒక్క రంగు గుడ్డ దొరికితే నేనెందుకు ముక్కలు కుట్టిపిస్త సాబ్? దొరికే దుకాణం మీరే చూపియ్యండి."

అమీన్ గౌను తీసుకుని తిరగేశాడు. లోపలి కుట్ల వెంట బొటనవేలు నడిపాడు. కాషాయం మీద ఒంపు. తెలుపు మీద ఒంపు. ఆకుపచ్చ మీద ఒంపు. వేలు ఇంకా మడవని కింది అంచుకు వచ్చింది. అది తిన్నగా ఉంది. దాన్ని కొయ్యడం ఎస్తేరు మరిచిపోయింది.

వేలు అక్కడ ఆగింది.

ఎస్తేరు మిషను చక్రం పట్టుకుని నిలబడింది.

అమీన్ గౌను మడిచి మిషను మీద పెట్టాడు. "శుక్రవారం పెట్టుకోండి బిస్మిల్లా. నేనొస్త."

అతను వెళ్ళాక ఖతీజాబీ కుర్చీలో కూలబడింది.

"నన్నడగకుండ నా పిల్ల పేరు చెప్తివి. నేనేమో బిస్మిల్లా మీద అబద్ధమాడితిని. అల్లాకు ఏం చెప్పుకోవాలె?"

"మాఫ్ చెయ్యి ఖాలా."

"మాఫీ తర్వాత చూద్దాం. శుక్రవారం నిజంగనే చేస్తం. చేస్తే అబద్ధం కాదు. పిల్లకింక ఆర్నెల్లు తక్కువ, పోనీ. ముందు దీనికి చేతులు పెట్టు. మా పిల్ల చేతుల్లేని గౌను తొడగది."

గుడ్డ లేదు. ఖతీజాబీ తన పాత దుపట్టా తెచ్చి ఇచ్చింది. చంక దగ్గర మళ్ళీ ఒంపే. ఎస్తేరు మళ్ళీ గాట్లు పెట్టింది, సూదులు గుచ్చింది, తొక్కింది. మధ్యలో దేవదానం ఇల్లు చేరి, మసి ముఖంతో "అందింది" అని ఒక్క మాట చెప్పి పడుకున్నాడు. ఆమెకు సంతోషం రావాలి. నిద్ర వచ్చింది.

శుక్రవారం నమాజు తర్వాత పిల్లను పీట మీద కూర్చోబెట్టారు. గౌను కొంచెం బిగువుగా ఉంది. మౌల్వీ ఒక్కొక్క మాట అంటుంటే పిల్ల నత్తినత్తిగా అంది. అమీన్ చెప్పినట్టే వచ్చాడు. పిల్ల తల మీద చెయ్యి పెట్టి దువా ఇచ్చాడు, మిఠాయి తిన్నాడు. ఎస్తేరు గోడకు ఆనుకుని అలాగే కునికింది. ఎవరో దగ్గినట్టయి కళ్ళు తెరిస్తే ఎదురుగా అమీన్.

"మా బిడ్డకు గూడ ఇట్ల ఒంపులున్న గౌను కుట్టాలె. గుడ్డ నేనే పంపిస్త. రంగులు మాత్రం నేను చెప్పినయే."

అతనికి తెలుసా? తెలిసే వదిలాడా, ఇంకా తాడు వదులుతున్నాడా? ముఖం చూసి తేల్చుకోవాలనుకుంది. భయపడటానికి కూడా ఓపిక కావాలి. అది ఆమె దగ్గర లేదు.

కొలతకు పాత గౌను ఒకటి పంపమంది.