మూడంతస్తుల ఏకగ్రీవ తప్పు

క్యాన్సర్ లక్షణాల గురించి జనానికి ఏపాటి తెలుసో కొలవడానికి వచ్చిన సర్వే అమ్మాయి, ఆ భవనంలో మొదటి రోజు కింది వాటా టైలరును మాత్రమే ప్రశ్నించి వెళ్ళింది. మర్నాడు ఆమె మెట్లెక్కాలి. ఈలోగా ప్రశ్నలు మెట్లెక్కేశాయి.

పైవాటా హెడ్మాస్టారు రిటైరయ్యారు గాని, ఆయనలోని పరీక్షాధికారి రిటైరు కాలేదు. ఉద్యోగమంతా కాపీరాయుళ్ళకు సింహస్వప్నమై వెలిగిన ఆ మహానుభావుడు, భవనం పరువు కాపాడే మిషతో ప్రశ్నపత్రం లీకు చేయడానికి స్వయంగా నడుం బిగించారు.

"ఏమేం అడిగిందండీ?"

"గడ్డ కనిపిస్తే క్యాన్సర్ కావచ్చా, తగ్గని దగ్గయితే కావచ్చా, ఊరికే బరువు తగ్గిపోతే కావచ్చా, నోట్లో పుండు మానకపోతే కావచ్చా అంది మాస్టారూ. అన్నిటికీ తెలీదనేశాను," అన్నాడు టైలరు.

"కొంప ముంచారు కదయ్యా!"

ఆ సాయంత్రం మెట్ల మలుపు విశ్వవిద్యాలయమైంది. మాస్టారు ఒక్కొక్క లక్షణానికీ "కావచ్చు" అని గర్జిస్తుంటే ఇరుగుపొరుగు వల్లెవేశారు. నోట్లో మానని పుండు దగ్గరికి వచ్చేసరికి గర్జన కాస్తా గొణుగుడైంది. నెల దాటిన పుండొకటి ఆయన నాలుక అంచున రహస్యంగా కాపురం పెట్టింది మరి. డాక్టరు ఏమంటాడోనన్న భయంతో ఆయన భార్యకు కూడా చెప్పలేదు. కారం ఎందుకు మానేశారని ఆవిడ అడిగితే అజీర్ణమని బొంకారు.

"అది కాదు! ముమ్మాటికీ కాదు!" అని తీర్పు చెప్పారు. గుండెలోని భయం పుట్టించిన ఆ జవాబును మూడంతస్తులూ భక్తిశ్రద్ధలతో కంఠస్థం చేశాయి.

మర్నాడు సర్వే అమ్మాయి మాస్టారి జవాబులు నమోదు చేసుకుంది.

"అన్నీ రైటేనా అమ్మా?"

"చెప్పకూడదండీ."

"పోనీ, తలైనా ఊపు."

"ఊపకూడదు కూడానండీ."

వారం తిరక్కుండానే ఆమె నవ్వాపుకుంటూ మళ్ళీ వచ్చింది. "మాస్టారూ, మీ బిల్డింగు లెక్కలోంచి తీసేశారు. టైలరుగారు తప్ప అందరూ ఒకేలా చెప్పారట. రైట్లు కలిశాయంటే సరే, తప్పు కూడా ఒక్కటే, అదీ అందరిదీనా?"

మాస్టారి ముఖం పాలిపోయింది. కాపీ దొంగలను తాను జీవితమంతా పట్టిన కిటుకు అదే.

"ఏ తప్పమ్మా?" అంటూ వంటింట్లోంచి భార్య వచ్చింది.

"నోట్లో మూడు వారాలైనా మానని పుండండీ. క్యాన్సర్ లక్షణం కావచ్చు, చూపించుకోవాలి. లెక్కలో లేరుగా, ఇప్పుడు చెప్పొచ్చు."

భార్య చూపు మెల్లగా భర్తవైపు తిరిగింది. కారం మానడం, ఒకవైపే నమలడం, అజీర్ణం... అన్నీ వరస కట్టాయి.

"ఏమండీ, నోరు తెరవండి."

"ఎందుకే, పరాయివాళ్ళ ముందు..."

"తెరుస్తారా, ఆ మలుపులో నిలబెట్టి తెరిపించమంటారా?"

వేలమంది నోళ్ళు మూయించిన నోరు, కిక్కురుమనకుండా తెరుచుకుంది. గంటలో వారు పళ్ళ డాక్టరు ముందున్నారు.

"పన్ను విరిగి రంపమైందండీ, నాలుకను రోజూ కోస్తోంది," అన్నాడు డాక్టరు, అంచు అరగదీస్తూ. "రెండు వారాల్లో మానాలి. మానకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదాం. ఇంకెప్పుడూ దాచకండి."

ఆ రెండు వారాలూ మాస్టారు, ఫలితాల కోసం ఎదురుచూసే విద్యార్థి పడే బాధ ఏమిటో తొలిసారి ఎరిగారు. డాక్టరు చివరికి అద్దం పెట్టి చూసి "పూర్తిగా మానిపోయింది" అనగానే, ఆ కుర్చీలోంచే భార్యకు చేతులు జోడించారు.

ఇంటికి వస్తూనే మెట్ల మలుపులో సభ తీర్చారు. "నేను చెప్పింది తప్పు. నోట్లో పుండు మానకపోతే చూపించుకోవాలి. భయపడి తప్పు చెప్పాను."

టైలరు గొంతు సవరించుకున్నాడు. "అయితే మాస్టారూ, సొంతంగా చెప్పింది నేనొక్కణ్ణే. ఫస్టు నాదేనా?"

"సున్నా మార్కులతో ఫస్టు!" అన్నారు మాస్టారు. భవనమంతా గొల్లుమంది.

ఆ మధ్యాహ్నం భోజనంలో మాస్టారు పచ్చిమిరపకాయ కసుక్కున కొరికి, కళ్ళనీళ్ళు కారుతుంటే, "ఇంకోటి వెయ్యవే!" అన్నారు.