సద్దిసంచిలో పలక

నా రాతలో తప్పులుంటే మన్నించండి. అక్షరాలు యాభై నాలుగేళ్లకు నేర్చుకున్నాను. ఒక్కో మాటకు చాలాసేపు పడుతుంది.

ఆరోజు ఏడు గంటలకే మా ఆయన సాంచెల నడుమ ఉన్నాడు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటాం. ఇరుకు సందులో అటూ ఇటూ తిరుగుతూ ఒక్కోదాని మీద అరచెయ్యి ఆనించేవాడు. నూలు మోసే నాడె తడబడితే చేతికే తెలిసేది. ముప్పై ఏళ్ల మోత చెవులను తినేసింది. సన్నటి మనిషి, కనుబొమ్మల మీద ఎప్పుడూ దూది నూగు.

చెవులు పోయాయని తెలిసిననాడు నేను ఏడ్చాను. ఆయన నవ్వాడు.

"మంచిదే అయిందే. సాంచెల మోత తప్పింది, నీ తిట్లు తప్పినయి."

మర్నాడే పలక తెచ్చి, తనకొచ్చిన ఐదో తరగతి చదువు నాకు చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన పేరు దశరథం. మొగని పేరు నోటితో అనకూడదని పెంచారు నన్ను. నేను మొదట రాసింది ఆ పేరే. సాంచెల వాడలో అందరం అరిచే మాట్లాడుకుంటాం. పలక మీద కొట్లాడుకుంటే పక్కింటికి వినబడలేదు. "ఇగ మన ముచ్చట ఊరికి ఇనవడది" అని దానికీ మురిశాడు.

సాంచెలు బాగుచేసే అస్లం రోజూ మా ఇంటి మీదుగా పోతూ సద్దిసంచి తీసుకుపోయేవాడు. పలక అందులోనే. ఆరోజు అతను గడపలో ఉండగానే కోరుట్ల నుంచి ఫోను. మా కూతురు స్వప్నకు ఆడపిల్ల పుట్టింది. రెండు కాన్పులు పోయాక దక్కిన పిల్ల. నెల రోజులుగా ఆయన పలక మీద ఒక్కటే అడుగుతున్నాడు, స్వప్న ఎట్లున్నదని.

బలపం పట్టాను. రాసింది తుడిచి మళ్లీ రాశాను.

"రాస్తున్నవా, నేస్తున్నవా వదినె? అన్న ఆకలిగొని ఉంటడు. నేనే సైగ జేసి చెప్త తియ్యి."

"నువ్వు చెప్తే వాడకంత చెప్పినట్టే. గిది నేనే చెప్పాలె. నిలవడు."

అరగంట నిలబడ్డాడు. 'స్వప్నకు బిడ్డ పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు' అని రాసి సంచిలో పెట్టాను.

మిగతాది అస్లం చెప్పింది. సంచి అందేసరికి కరెంటు పోయింది. తక్కినవాళ్లు విసుక్కుంటుంటే ఆయన "మంచిదే, నిమ్మలంగ తినొచ్చు" అంటూ గోడకు ఆనుకుని కూర్చున్నాడట. పలక రెండుసార్లు చదివి అందరికీ చూపించాడట. ఏదో రాసి, ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారు. కరెంటు వచ్చింది, సాంచెలు మోగాయి. ఆయనకు వినబడదు కదా అని అస్లం భుజం తట్టాడు. లేవలేదు.

నా అరగంట ఆలస్యాన్ని చాలా రోజులు తిట్టుకున్నాను. ఆలస్యం కాకపోతే ఆ మాట సాంచెల నడుమ నిలబడి, ఒంటిచేత్తో, ఒక్కసారే చదివేవాడు. కరెంటు పోయింది కాబట్టి కూర్చుని రెండుసార్లు చదివాడు. మంచిదే అయింది. ఆ మాట అనడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పిల్లకిప్పుడు మూడేళ్లు. కొత్త వస్తువు ఏది కనబడ్డా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి నిలబడుతుంది.

పలక అల్మారాలో పైన ఉంది. నా రాత కింద ఆయన రాత, పిల్ల పోలిక అడుగుతూ, 'ఎవలి లెక్కున్నది?' అని. దాని కింద రెండు వేళ్ల జాగా ఖాళీగా ఉంది.

సరోజన, యాభై తొమ్మిదేళ్లు, బిడ్డ ఇంట్లో, కోరుట్ల