మాస్టారి ముద్దన్నం

లెక్కల మాస్టారు వండిన అన్నంలో గరిటె గుచ్చి పైకెత్తితే, దాని వెంట గిన్నె కూడా లేచి వచ్చేది. ఈ మాటలో అతిశయోక్తి ఉన్నా పెద్దగా లేదు. ఆయన అశ్రద్ధ మనిషి కారు. బియ్యం కడిగేవారు, నీళ్లు కొలిచి పోసేవారు, పొయ్యి వెలిగించేవారు. ఉడికేలోగా రెండు నోటుబుక్కులు దిద్దుదామని పక్కనే కూర్చునేవారు. అక్కడే వచ్చేది చిక్కు. రెండు కాస్తా పన్నెండయ్యేవి. ఎవడో ఒకడు త్రిభుజానికి నాలుగో కోణం కనిపెట్టి ఉండేవాడు. వాణ్ణి మళ్లీ మూడు కోణాల దారికి తెచ్చేసరికి అన్నం తన దారి తాను చూసుకునేది.

ఎనిమిది నెలల క్రితం దాకా ఆ ఇంటి అన్నం తీరు వేరు. మాస్టారి భార్య వండితే మెతుకుకు మెతుకు అంటేది కాదు. "ఒక్కో మెతుకూ విడివిడిగా లేచి హాజరు పలకాలి" అనేది ఆమె, భర్త ఉద్యోగాన్ని ఎత్తిపొడుస్తూ. ఆమె పోయాక ఆ మాట ఇంట్లో ఎవరూ అనలేదు. తండ్రీ కూతురూ ఎదురెదురుగా కూర్చుని, పెట్టుకున్నది ఎలాగో గొంతు దింపుకునేవారు. పన్నెండేళ్ల ఆ కూతురికి ఇంట్లో పేరు పిచ్చుక. ఆ పేరు నిలబెట్టాలని కాబోలు, ఈమధ్య నాలుగు మెతుకులు ఏరుకుని లేచిపోతోంది.

ఈ సంగతి ముందుగా కనిపెట్టింది పెద్దమ్మ. పిచ్చుకకు పెద్దమ్మ, మాస్టారికి వదిన, పోయినావిడకు తోడబుట్టిన అక్క. పక్క ఊళ్లో ఆవిడకు కుట్టుపని దుకాణం ఉంది. మనిషి గుమ్మం దాటి లోపలికి వచ్చేలోగా కొలతలు చెప్పేయగలదు. పోయిన నెల వచ్చినప్పుడు పిచ్చుక గౌను నడుము దగ్గర రెండు వేళ్లు దూర్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. ఈ గురువారం ఫోన్ చేసింది.

"మరిదిగారూ, పిల్ల నడుము రెండంగుళాలు లోపలికి పోయింది. గౌను బిగించి కుట్టడం నాకు చిటికెలో పని. కానీ అది వైద్యం కాదు. ఆదివారం భోజనానికి వస్తున్నా. పిల్ల కడుపునిండా తినడం నా కళ్లతో చూశానా, సరే. లేదంటే నాతో తీసుకెళ్లిపోతా. ఖాళీ పెట్టె తెస్తున్నా."

"అలాగే వదినా" అన్నారు మాస్టారు. కాదనడానికి ఆయన దగ్గర ఒక్క కారణమైనా లేదు. ఉన్నదల్లా పిల్లే.

శుక్రవారం సాయంత్రం పిచ్చుక బడి లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నాన్నా, నీ అన్నానికి తగిన వంట దొరికింది."

"నా అన్నానికేం?"

"ఏమీ లేదు, బంగారం. సుషీ చేద్దాం, జపాను వాళ్ల అన్నం చుట్టలు. ఇదిగో, మొదటిసారి ఇంట్లో చేసుకునేవాళ్లకని రాశారు. విను. 'అన్నం బాగా అంటుకోవాలి. అంటుకోని అన్నంతో సుషీ రాదు.' మనింటికొచ్చి తిని రాసినట్టు లేదూ?"

"పచ్చి చేప తినాలటగా?"

"అక్కర్లేదట. కీరదోస, క్యారెట్, ఆమ్లెట్ ముక్కలు చాలు. చాప మనింట్లోనే ఉంది."

చాప అంటే సుషీ చుట్టడానికి సన్నటి వెదురు పుల్లలను దారంతో అల్లిన, జానెడు వెడల్పున్న చిన్న తడక. రెండేళ్ల కిందట పిచ్చుక అమ్మ సరదాపడి కొన్నది. ఒకే ఒక్కసారి సుషీ చుట్టబోయింది. చుట్టిందంతా చుట్టినట్టే పొడిపొడిగా రాలిపోయింది. ఆమె వంటింట్లో కూలబడి, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. అప్పటి నుంచీ ఆ చాప వేడి గిన్నెల కింద కాపురం చేస్తోంది. దాని నడుమ ఉంగరంలా కాలిన మచ్చ కూడా పడింది.

ఆదివారం పొద్దున్నే మాస్టారు వంటింట్లోకి వెళ్లారు. సముద్రపు పాచిని కాగితాల్లా ఎండబెట్టిన నల్లటి రేకులు ముందురోజే కొని తెచ్చారు. కూరగాయలు స్కేలు పెట్టి కొలిచినట్టు తరిగారు. బియ్యం పొయ్యి మీద పెట్టాక ఆయనకు వదిన గుర్తొచ్చింది. ఆవిడ గిన్నె మూత తీయకుండా ఉండదు. ఈ ఒక్క పూటైనా ఆవిడ చేత ముద్దన్నం అనిపించుకోకూడదనుకున్నారు. వెనిగర్‌లో చక్కెర, ఉప్పు కరిగించి ఎలాగూ కలుపుతాం, అంటుకోవలసింది అదే అంటుకుంటుందిలే అని మనసుకు సర్దిచెప్పారు. నోటుబుక్కుల జోలికి పోలేదు. పరీక్ష హాల్లో కాపలా ఉన్నట్టు, రెప్ప వేయకుండా పొయ్యి ముందు నిలబడ్డారు.

మూత తీసి చూస్తే మెతుకుకు మెతుకు అంటలేదు.

ఆయన మెల్లగా కూతుర్ని పిలిచారు. పిచ్చుక వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"నాన్నా, ఎంత పని చేశావు. ఎనిమిది నెలలుగా ఎప్పుడూ రానిది ఇవాళే రావాలా?"

అప్పుడే వీధి తలుపు చప్పుడైంది. పెద్దమ్మ వచ్చింది, చేతిలో పెట్టె. దాన్ని ఒక్క చేత్తో ఎత్తి గోడవారన పెట్టిన తీరులోనే అది ఖాళీదని తెలిసిపోయింది.

ఇక వెనక్కి పోవడానికి లేదు. వెనిగర్ కలిపారు, చాప మీద నల్ల రేకు పరిచారు, అన్నం పరిచి ముక్కలు పేర్చి చుట్టారు. కత్తి ఆనించడమే ఆలస్యం, సెలవు గంట కొట్టినప్పుడు పిల్లలు తరగతిలోంచి పరుగెత్తినట్టు మెతుకులన్నీ బల్ల మీదికి పారిపోయాయి.

"ఇది తినేదా, విప్పేదా?" అంది పెద్దమ్మ.

ఆవిడ గిన్నెలో వెనిగర్ కలపకుండా మిగిలిన అన్నంలోంచి నాలుగు మెతుకులు తీసి, గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ల మధ్య నలిపింది. నోట్లో వేసుకుంది. చాలాసేపు నమిలింది.

"దాని చేతి అన్నంలా ఉంది" అంది చివరికి.

మాస్టారు కత్తిని పక్కకు జరిపారు. జరపవలసిన అవసరమేమీ లేదు.

పిచ్చుక బల్ల మీది మెతుకులను అరచేత్తో ఒకచోటికి పోగుచేసింది.

"అమ్మ అన్నంతో సుషీ రాదు పెద్దమ్మా. అమ్మకే రాలేదు. దీనికి నాన్న అన్నం కావాలి."

"అయితే వండమను."

మాస్టారు రెండోసారి బియ్యం కడిగారు. ఈసారి ఉద్దేశపూర్వకంగా చెడగొట్టాలని ఒక గ్లాసు నీళ్లు ఎక్కువ పోసి, మళ్లీ పొయ్యి ముందు నిలబడ్డారు.

"నువ్వలా గుడ్లప్పగించి చూస్తుంటే అది భయపడి బుద్ధిగా ఉడుకుతుంది" అంది పిచ్చుక. "నోటుబుక్కులు తెచ్చుకో."

"వదిన ముందు బాగుండదమ్మా."

"తెచ్చుకోండి మరిదిగారూ. నేనూ చూస్తాను, అన్నం ఎలా చెడుతుందో."

ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నారు. మూడో పుస్తకం దగ్గర వదినను మరిచిపోయారు. ఐదో పుస్తకం దగ్గర అన్నాన్ని మరిచిపోయారు. గిన్నె బుడబుడలాడింది, గుసగుసలాడింది, చివరికి ఊరుకుంది. పెద్దమ్మ రెండుసార్లు లేవబోయింది. రెండుసార్లూ పిచ్చుక ఆవిడ కొంగు పట్టి కూర్చోబెట్టింది.

"పెద్దమ్మా, కదిలావంటే మొత్తం చెడుతుంది."

"ఇప్పుడు చెడాలనే కదే."

"చెడాల్సినట్టు చెడదు."

మూత తీసేసరికి అన్నం ఒకే మాట మీద ఉంది. వెడల్పాటి పళ్లెంలోకి తీసి వెనిగర్ కలుపుతుంటే మాస్టారు పరీక్ష అట్టతో విసిరారు. పిచ్చుక చేతులు తడి చేసుకుని నల్ల రేకు మీద అన్నం పరిచింది.

"అవతలి అంచున అంగుళం వదలాలట పెద్దమ్మా."

"కుట్టుకు వదిలినట్టా? తప్పుకో, అది నా పని."

పెద్దమ్మ చాప అంచు పట్టుకుంది. కాలిన మచ్చ మీద ఆవిడ బొటనవేలు ఒక్క క్షణం ఆగింది. తర్వాత అంచు మడిచే ఒడుపుతో లోపలికి నొక్కి, ఒక్క చుట్టులో ముగించేసింది. తడి కత్తితో కోస్తే ఎనిమిది ముక్కలూ గుండీల్లా వరుసగా నిలబడ్డాయి. ఒక్క మెతుకు రాలలేదు.

పిచ్చుక ఒకటి తింది. ఇంకొకటి తింది. రెండో చుట్ట కోసేదాకా ఆగకుండా కొస ముక్కలు ఎగరేసుకుపోయింది. మూడో చుట్టకు పెద్దమ్మ మెడలోని కొలత టేపు తీసి, పిల్ల నడుముకు చుట్టబోయింది.

"ఊపిరి బిగపట్టకు."

"బిగపట్టడానికి చోటు లేదు పెద్దమ్మా" అంది పిచ్చుక, నోటి నిండా ముక్కతో.

మాస్టారు తినడం ఆపి వాళ్లిద్దరినీ చూశారు. చూపు తప్పించుకోవడానికి పక్కనున్న నోటుబుక్కు తెరిచారు. అందులో నాలుగు కోణాల త్రిభుజం ఒకటి ఉంది. దాని పక్కన ఆయన స్వయంగా పెట్టిన ఎర్ర టిక్కు ఉంది. చప్పుడు చేయకుండా మూసేశారు.

బయల్దేరేముందు పెద్దమ్మ పొద్దుటి అన్నంలో మిగిలినది, పొడిపొడిగా ఉన్నది, ఒక డబ్బాలోకి తీసి మూత బిగించింది. పెట్టె తెరిచి, అంత పెట్టె నడుమ ఆ ఒక్క డబ్బా పెట్టి మూసింది.

"ఖాళీ పెట్టె మోసుకెళ్లడం నాకు అలవాటు లేదు" అంది, ఎవరూ అడగకపోయినా.

మాస్టారు పెట్టె అందుకుని గుమ్మం దాకా వచ్చారు.

"వచ్చే ఆదివారం కూడా వస్తా" అంది ఆవిడ చెప్పులు వేసుకుంటూ. "నోటుబుక్కులు దండిగా తెచ్చి పెట్టుకోండి మరిదిగారూ."