జోడుచేపల బాడిస

వసంతావసానమున ప్రచండమార్తాండ కిరణములు సాగరసంగమోన్ముఖియగు గౌతమి జలములపై కరిగిన వెండివలె మెఱయుచుండ మడచెట్ల నీడలు తమ మొదళ్ళయందే ముడుగుకొనియుండ ఉప్పుగాలితో కలసి క్రొత్తగా కోసిన మద్దికొయ్య వాసన నలుదెసల వ్యాపించుచుండ, తాళ్ళరేవున కట్టుబడి ముగియవచ్చిన యోడయొకటి పక్కటెముకలు కొన్ని బయటపడిన మహాజంతువువలె ఒడ్డున నిలిచియుండెను. ఆషాఢమాసపు గాలివానలు తగులుకొనక మునుపే ఆ యోడ నీట దిగవలెను. లేకున్న నలువదిమంది పనివారి యొక యేటి కష్టము వానపాలగును.

ఆ పనికి పెద్దమేస్త్రి సోమలింగాచారి. మ్రాను చూచినంతనే దానియందు దాగియున్న వంపును చెప్పగల ఆ శిల్పికి ఒక దృఢవిశ్వాసము కలదు: ఆంగ్లసీమనుండి ఓడయెక్కి రాని యినుము పనిముట్టు కానేరదని. పదునాఱేండ్లుగా అతని దక్షిణహస్తమునకు ఆఱవ వ్రేలివలె అమరియున్న కొయ్యచెక్కు బాడిసపై సీమవారి జోడుచేపల ముద్ర కలదు. రేవునకు కూతవేటు దూరమున, భర్తయగు ఈశ్వరాచారి గతించిన పిదప కాళికమ్మ యను కమ్మరి వనిత తానే సమ్మెట పట్టి కొలిమి నడుపుకొనుచుండెను. ఓడమేకులకు తప్ప అన్యవస్తువునకై సోమలింగాచారి ఆమె వాకిలి తొక్కి యెఱుగడు.

అరిగి యరిగి ఆ బాడిస పదునువాదర రెండు వ్రేళ్ళ వెడల్పునకు దిగిపోగా అతడు కాకినాడకు పోయి అదే ముద్రగల క్రొత్త బాడిసలు రెండు తెచ్చెను. మొదటిది రెండవనాటికే మద్దికొయ్యపై ఆకువలె ముడుచుకొనిపోయెను. రెండవది మూడవనాడు ఫెళ్ళున పగిలెను. ఎగసిన తునుక ప్రక్కన పనిచేయుచున్న అతని బావమఱది భద్రయ్య కనుబొమను చీల్చెను. కన్ను దక్కినదనియు, నెలదినములు కట్టు విప్పరాదనియు వైద్యుడు చెప్పెను. రక్తసిక్తమైన తన యుత్తరీయమును చూచుకొనుచు సోమలింగాచారి నిలువునా క్రుంగిపోయెను. మరల పట్టణమునకు పోవ కాలము లేదు. పోయినను అవియే దొరకును. విధిలేక పగిలిన బాడిసను, నమూనాకై పాతదానిని చేతబట్టి కాళికమ్మ కొలిమికి పోయెను.

"చెల్లీ, సీమ బాడిస ఇరిగింది. దీన్ని అతికిపెట్టగలవా?"

ఆమె పగిలినదానిని ముట్టలేదు. పాతదానిని అందుకొని వాదర వెంబడి బొటనవ్రేలు నడిపెను. ఆమె కన్నులు చెమర్చెను.

"అన్నయ్యగారూ, ఇది సీమది కాదండి. మా ఆయన చేతిది."

"ముద్ర కనబడ్డం లేదా నీకు?"

"ముద్రా ఆయన కొట్టిందేనండి. మన ఊరి సరుకంటే పట్నం కొట్టువాడు చేత్తో ముట్టలేదు. ఇంట్లో పస్తులు. ఆ ఒక్క ఏడాదీ దొంగముద్ర కొట్టి అమ్మారు. అసలు ముద్రలో చేపలకి పొలుసులుంటాయి, ఆయనకి పొలుసులు చెక్కడం రాలేదు. చూడండి."

సోమలింగాచారి చూచెను. పగిలినదానిపై చేపలకు పొలుసులు కలవు. పాతదానిపై చేపలు నున్నగా నుండెను. ఆ క్షణమున అతనికి వెనుకటి దినమొకటి స్ఫురించెను. నలుగురిలో ఆ బాడిసను పైకెత్తి "ఇలాంటి పదును మన కమ్మర్లకి ఏడు జన్మలెత్తినా రాదు" అని తాను గర్వించి పలికినప్పుడు మేకుల బుట్టతో వచ్చిన ఈశ్వరాచారి తలవంచుకొని నిలిచియుండెను.

"ఎందుకు చెప్పలేదమ్మా నాకు?" అని యతడు హీనస్వరమున నడిగెను.

"తప్పుముద్ర కొట్టినోడు ఏ మొహంతో చెప్తాడండి? కానీ మీరు మెచ్చుకున్న ఆ రోజు ఇంటికొచ్చి కడుపారా అన్నం తిన్నారు."

అతడు పగిలిన తునుకలను చూపి "మరి వీటికేం తెగులు?" అనెను.

"అక్కడా మంచి కమ్మర్లుంటారండి. ఇది మెత్తకొయ్యకి చేసిన సరుకు. మన మద్ది పొగరు వాళ్ళకేం తెలుసు? పైగా నేను చేసింది ఇరిగితే సాయంత్రానికి మీరు నా గుమ్మంలో నిలబడతారు. సీమవాడి గుమ్మం ఎక్కడుందో మీకు తెలుసా?"

"అయితే మన మద్దికి తగిన బాడిస నువ్వే చెయ్యమ్మా" అని సోమలింగాచారి యనెను. ఆ దినము మొదలు రెండు దినములు అతడు స్వయముగా తిత్తులూదెను. ఆమె మద్దిపేళ్ళు తెప్పించి వాని గట్టితనము చూచి వాదరను మందముగా సాగగొట్టి, కాగిన యంచు ఎండుగడ్డి వన్నెకు తిరుగువఱకు రెప్పవాల్పక కనిపెట్టి నీట ముంచెను. పిమ్మట సంకోచించుచు "ముద్ర ఏం కొట్టమంటారు?" అని యడిగెను.

"నీ పేరే కొట్టు."

"ఆడదాని పేరు చూస్తే నవ్వుతారండి."

"నవ్వేవాణ్ణి నా దగ్గరికి పంపు. మొదట నవ్వినవాణ్ణి నేనేగా."

మఱునాడతడు ఓడ యజమాని యెదుట పనివారందఱిని పిలిచి జరిగినదంతయు, తాను పలికిన గర్వోక్తితో సహా, దాచక చెప్పెను. జ్యేష్ఠమాసాంతమున ఆ యోడ నీట దిగెను. ఆ వానకాలము ముగియులోపల రేవునందలి వడ్రంగుల చేతులలో పదునెనిమిది క్రొత్త బాడిసలు మెఱసెను. పనిముట్టు పుట్టినచోటు దూరమా దగ్గరయా యని లోకము విచారించును. దానిని చేసినవారు మన యెదుట నిలిచి బదులు చెప్పుదురా యని విచారించువారు అరుదు. కాళికమ్మ ప్రతి బాడిసపైనను రెండక్షరములు పొదిగెను: ముందు 'ఈ', దాని ప్రక్కన 'కా'.