అయిదో వరస

ఆకులు రాలే కాలంలో నదిగట్టు పార్కులో కాలిబాటే కనబడదు. ఆ సాయంత్రం ఆమె ఒక చేత్తో మడత కాగితం, ఇంకో చేత్తో భర్త మోచెయ్యి పట్టుకుని నడుస్తోంది. ఆయన సిటీబస్సు డ్రైవరు. డిపోలో అందరూ డేగకన్ను అంటారు. మర్నాడే కంటిపరీక్ష. డిపో డాక్టరు గదిలో ఇరవై ఏళ్లుగా ఒకటే అంకెల అట్ట. ఎవరో పుణ్యాత్ముడు దాన్ని కాగితం మీదికి ఎక్కించాడు. చూపు మందగించిన డ్రైవర్లు దాన్నే బట్టీపట్టి గట్టెక్కుతున్నారు.

"నాలుగో వరస చెప్పండి."

"మూడు, ఎనిమిది, ఆరు, రెండు. ఎలా ఉంది?"

"బడిలో ఇంత శ్రద్ధ ఉంటే మీరే డాక్టరయ్యేవారు."

"అప్పుడు నీలాంటి పంతులమ్మ లేదుగా!"

ఆమె నవ్వింది కానీ నవ్వు నిలవలేదు. నెల రోజులుగా ఆయన గ్లాసు పక్కన నీళ్లు వంచుతున్నాడు. అడిగితే పరధ్యానం అంటాడు. పరీక్ష తప్పితే డిపోలోనే కూర్చోబెడతారు. అది ఆయనకు తల కొట్టేసినట్టే.

మలుపులో రేవుమెట్లు. కొట్టుకొచ్చిన ఆకులు నీటిని కప్పేసి బాటలో కలిసిపోయినట్టున్నాయి. అవి మెల్లగా ఊగడం ఆమె చూసింది. ఆయన మాత్రం ధీమాగా అడుగేయబోయాడు. ఆమె రెండు చేతులా వెనక్కి లాగింది. చెప్పొకటి జారి నీళ్లలో బుడుంగుమంది.

"ఊరికే ఆటపట్టించానే," అన్నాడు. ఆమె చెయ్యి మాత్రం వదల్లేదు.

"రేపు బస్సులో అరవైమంది ఉంటారండీ."

"రోజూ పోయే దారేగా. కళ్లు మూసుకుని నడుపుతాను."



"నేనే డిపోకొచ్చి చెబుతాను," అందామె.

"చెప్పావా, ఇక నా మొహం చూడకు."

ఒంటి చెప్పుతో బెంచీమీద కూలబడ్డాడు. "అయిదో వరస చదువు. అదొక్కటే నోట్లో నిలవడం లేదు."

ఆమె కాగితం విప్పింది. తొమ్మిది, నాలుగు, ఏడు, ఒకటి అని ఉంది.

"అయిదు, రెండు, మూడు, ఎనిమిది," అంది.

ఆయన బుద్ధిగా పదిసార్లు వల్లించాడు, ఎక్కడా తడబడకుండా.

"సరిగ్గా చెప్పానా?"

"సరిగ్గానే చెప్పారు. పదండి, చీకటి పడుతోంది."