పచ్చ గాజుముక్క

పొద్దుటినుంచి వంటగది లేదు. నిన్న దాని పేరు భ్రమరమ్మ నోటికి రాలేదు, అందుకని అది వెళ్ళిపోయింది. చెల్లెలు తులశమ్మ కుంపటిని వరండాలో పెట్టుకుని అక్కకి జావ కాస్తోంది. అంతకుముందు పెరడు పోయింది. దానికీ ముందు భ్రమరమ్మ మొగుడు పోయాడు, గోడమీది ఫొటోతో సహా.

రోజూ ఏదో ఒక ఆట ఆడిస్తే ఉన్నవైనా కొన్నాళ్ళు నిలుస్తాయని డాక్టరు చెప్పాడు. తులశమ్మ సుద్దముక్కతో నేలమీద అష్టాచెమ్మా గళ్ళు గీస్తుంది. గీత పూర్తయ్యేసరికి నడిమిగడిలోంచి పోపు వాసన వస్తుంది. వంగి చూస్తే అక్కడే ఉంది వంటగది, వేలెడంత. వెనక పెరడు. పెరట్లో బావగారు చుట్ట కాల్చుకుంటున్నాడు.

"అక్కా, నీవన్నీ ఇక్కడే ఉన్నాయి."

"ఉంటే మాత్రం? ఒక్క కాయైనా చంపకుండా లోపలికి పోనిస్తారటే?"

కన్నకొడుకు పేరు మరిచిపోయింది గాని, మహాతల్లి, ఆ కట్టుబాటు మాత్రం మరవలేదు.

భ్రమరమ్మ ఎర్ర గాజుముక్క బయటి గళ్ళ చుట్టూనే తిరుగుతోంది. తిరిగినకొద్దీ ఆమె చిన్నదైపోతోంది, చీర కుప్పగా జారుతోంది. తులశమ్మ పచ్చ గాజుముక్క ఇంటూ గుర్తున్న గడిలో కూర్చుంది. ఆ గడిలో ఉన్నంతసేపూ దాన్నెవరూ చంపలేరు. ఆ ముక్క తులశమ్మే. అక్క నోట ఇంకా పేరు మిగిలింది ఆమె ఒక్కదానికే.

"వెయ్యవే తులశా! గవ్వల్ని పొదుగుతున్నావా? చిన్నప్పుడూ ఇంతే, ఓడిపోతానంటే చాలు, జొరం తెచ్చుకునేదానివి. జావ కాచి తాగించలేక చచ్చేదాన్ని."

తులశమ్మ గవ్వలు వేస్తుంది. పచ్చముక్కని గుర్తులేని గడిలోకి జరుపుతుంది.

"అదేంటే, నా ముందుకొచ్చి కూర్చున్నావ్? కళ్ళు కనపడ్డంలా?"

"కనపడుతున్నాయక్కా. కొట్టు."

"తర్వాత ఏడవకూడదు మరి."

"ఏడవను."

ఎర్రముక్క వచ్చి ఠంగుమని తగులుతుంది. భ్రమరమ్మ తలెత్తి చూస్తుంది.

"ఎవరమ్మా మీరు? ఎవరి తాలూకు?" అని మర్యాదగా అడుగుతుంది. జవాబు కోసం ఆగదు. లోపలి గళ్ళు దాటుకుంటూ వెళ్ళి వంటగది తలుపు వేసుకుంటుంది.

చచ్చిన కాయ మళ్ళీ మొదటి గడికి రావాలి. తులశమ్మ వస్తుంది, పచ్చగా, గోరంతగా. కుంపటిమీద జావ మాడుతోంది, ఆ కుంపటి ఇప్పుడు కొండంత ఎత్తు. పైనుంచి గవ్వలు పడుతున్నాయి, ఒక్కొక్కటి గుమ్మమంత, నోళ్ళు తెరుచుకుని. ప్రతి నోట్లోంచీ అక్క చెయ్యి జావగిన్నె పట్టుకుని బయటికొస్తుంది, తాగే మనిషి కోసం గాలిలో తడుముకుంటూ.