ఎనభై ఎనిమిదో పేజీ

పెళ్లైన పంతొమ్మిదో రోజు పొద్దున, చెన్నై మాధవరం పాల కాలనీలోని మా కొత్త వంటింట్లో రెండు గ్లాసుల కాఫీ కలుపుతున్నాను. ఫిల్టరులో డికాషన్ చుక్కచుక్కగా దిగే చప్పుడు కూడా నాకు ముద్దొచ్చే రోజులవి. అప్పుడే ఫోనుకి ఒక నోటీసు వచ్చింది. నాతో ఎమ్మెస్సీ చదివిన శ్రీప్రియ పంపింది.

“పరిశోధక విద్యార్థి: జయప్రకాష్. అంశం: పులికాట్ సరస్సులో గూడబాతుల ఆహారం, చేపల వేటపై దాని ప్రభావం. పీహెచ్‌డీ బహిరంగ మౌఖిక పరీక్ష శుక్రవారం ఉదయం పదకొండు గంటలకు. అందరూ ఆహ్వానితులే.”

పాలు పొంగి స్టవ్ ఆరిపోయింది.

ఆ గూడబాతులు నావి. పద్నాలుగు నెలలపాటు తెల్లారకముందే బస్సెక్కి వెళ్లి, గూళ్ల కింద నిలబడి, పిల్లలు కక్కిన చేపల్ని ఏరి, ముక్కుకి గుడ్డ కట్టుకుని తూకం వేసినదాన్ని నేను. జయప్రకాష్ మా ల్యాబులో సీనియర్. నా నోటు పుస్తకాలు చూసిస్తానని తీసుకుని, వానల్లో తడిసి పాడైపోయాయన్నాడు. ఆరు నెలల తర్వాత అదే సమాచారం అతని పేరుతో ఒక పత్రికలో అచ్చయింది. అడిగితే నవ్వాడు.

“నీకెట్టాగూ పెళ్లి చేసేస్తారు కదా మధుమితా. పేరుతో నీకేం పని?”

నా ఎమ్మెస్సీ థీసిస్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది, తేదీతో సహా. కానీ దానికీ అతని దగ్గర జవాబుంది. ‘అది నా సమాచారమే, పాపం చిన్నపిల్ల డిగ్రీ కోసం వాడుకోమని ఇచ్చాను’ అని అందరికీ చెప్పుకున్నాడు. మా ప్రొఫెసర్ నమ్మాడు. నేను ఏడ్చి ఊరుకున్నాను. అప్పుడు.

“ఏమండీ,” అన్నాను. ఆ పిలుపు నాకింకా కొత్త, అన్నప్పుడల్లా నవ్వొచ్చేది. ఆ పూట రాలేదు. “ఈరోజు నాతో లైబ్రరీకి వస్తారా?”

మా ఆయన విజయకుమార్‌కి సౌకార్‌పేటలో బైండింగు సామాన్ల హోల్‌సేల్ అంగడి ఉంది. కాలికో గుడ్డ, అట్టలు, నూలు, జిగురు. ఆయన నా మొహం చూసి, అంగడికి ఫోన్ చేసి సెలవన్నాడు. రోజంతా నా పక్కనే ఉంటాడని లోపల ఒక పక్క సంతోషం, ఇంకో పక్క ఒకడి గొంతు పిసకాలన్న కసి. రెండూ ఒకే గుండెలో అంత హాయిగా ఇముడుతాయని నాకు అంతకుముందు తెలియదు.

లైబ్రేరియన్ లూర్దుమేరి గారు నన్ను చూడగానే కుర్చీలోంచి లేచింది.

“ఏమ్మా, కల్యాణం అయిపోయిందా? ఒక ఫోన్ కూడా లేదే! ఈయనేనా మాప్పిళ్లై, పెళ్లికొడుకు?”

“నమస్తే అక్కా,” అన్నాడు ఈయన.

“సెరి, కూర్చోండప్పా. ఏం కావాల?”

పరీక్షకి ముందు పీహెచ్‌డీ థీసిస్ కాపీ ఒకటి లైబ్రరీలో ఉంచాలి, ఎవరైనా చదవొచ్చు. జయప్రకాష్ థీసిస్ అడిగాను. బంగారు అక్షరాల అట్ట. లోపల నా వాక్యాలే, అక్కడక్కడ మాట మార్చి. చివర రెండు వందల పదకొండు ఆధారాలు. నా థీసిస్ పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ పోల్చాను. నావి తొంభై ఏడూ అందులో ఉన్నాయి.

“దీంతో ఏం తేలుద్ది?” అన్నాడు ఈయన. “ఇద్దరూ ఒకే పుస్తకాలు చదివినామంటాడు.”

నిజమే. అయినా ఊరికే కూర్చోలేక, ఆ తొంభై ఏడింటినీ తెప్పించుకుని చూడటం మొదలుపెట్టాను. జర్నళ్లు, పక్షుల లెక్కల నివేదికలు, చేపల పట్టికలు. సాయంత్రానికి నా ముందుకి ఒక పాత సంపుటం వచ్చింది. వీపు మీద ‘మత్స్యశాఖ నివేదిక, 1932’ అని ఉంది. అందులో 88వ పేజీ. సరస్సు మీద గూడబాతులు వలల్లోని మడవ చేపల్ని ఎత్తుకెళ్తున్నాయని జాలర్లు పెట్టుకున్న అర్జీ. ఎమ్మెస్సీ రోజుల్లో ఆ పేజీ దొరికినప్పుడు నేను ఎదురుగా ఉన్న కొట్లో రెండు ప్లేట్ల బజ్జీలు తిన్నాను, సంతోషం పట్టలేక.

ఈయన ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చదవడానికి కాదు. వేలితో వీపు లోపల తడిమి, మధ్యలో తెరిచి, కుట్టు దగ్గర కళ్లు పెట్టాడు.

“మధూ, ఇది ఒక బుక్కు కాదు.”

“అంటే?”

“రెండు బుక్కులు కలిపి కుట్టేసినారు. చూడు, ఈడ దాకా నూలు తెల్లగా ఉండాది. ఆడ నుంచి పసుపు. పేజీ నంబర్లు కూడా మళ్లీ ఒకటి నుంచి. పాత అట్టలు ఊడిపోయినప్పుడు బైండరు చదవడు కదా, సైజు చూసి కుట్టేస్తాడు.”

అర్జీ ఉన్నది రెండో భాగంలో, దానికి పేరూ సంవత్సరం ఉండే ముఖపత్రం లేదు. కానీ ప్రతి పదహారు పేజీలకోసారి అడుగున, అచ్చువాళ్లు ఫారాలు, అంటే మడతపెట్టిన కాగితాలు, వరుస తప్పకుండా వేసుకునే గుర్తు ఉంటుందట. ఈయన చూపించాడు. చీమ తలంత అక్షరాల్లో 1927.

లూర్దుమేరి గారు కళ్లజోడు పెట్టుకుని చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో మాతా! ఇరవై ఏడు నివేదిక పోయిందని నేను చేరినప్పటి నుంచి రాస్తా ఉండాను. ఈడ దాక్కుని ఉండాదా ఇది!”

వెంటనే కంప్యూటర్లో వెతికింది. వేరే ఊరి లైబ్రరీ స్కాన్ చేసి పెట్టిన కాపీ దొరికింది. జాలర్ల అర్జీ ఉన్నది 1927 నివేదికలోనే. అసలైన 1932 నివేదిక 88వ పేజీలో ఉన్నది ఐసు ఫ్యాక్టరీ బాయిలర్ మరమ్మతు.

అంటే నేను తప్పు రాశాను. వీపు మీద ఉన్న సంవత్సరం నమ్మి, 1932 అని రాశాను. జయప్రకాష్ థీసిస్ తెరిచాను. 1932, పేజీ 88.

ఈ ఒక్క కాపీని చూసినవాళ్లు మాత్రమే చేయగల తప్పది. ఈ కాపీని బయటికివ్వరు, రిజిస్టర్లో సంతకం పెట్టి ఇక్కడే చదవాలి. లూర్దుమేరి గారు రిజిస్టర్ తీసింది. ఆ సంపుటానికి పదేళ్లలో పదకొండు సంతకాలు. పదకొండూ నావి.

“ప్రొఫెసర్‌కి ఒక మెయిల్ పెట్టేయమ్మా,” అందామె.

“పెడితే చదివి, జయప్రకాష్‌ని గదిలోకి పిలిచి అడుగుతాడు. ఆ రాత్రికే ఆ తప్పు దిద్దేస్తారు. వద్దక్కా. అందరూ చూడాలి. వాడు వాడి నోటితో చెప్పాలి.”

ఈయన నా వైపు కొంచెం భయంగా చూశాడు. ఆ చూపు నాకు చాలా నచ్చింది.

శుక్రవారం వచ్చింది. టి. నగర్‌లో కొన్న పెళ్లి పట్టుచీరల్లో నెమలికంఠం రంగుది కట్టుకున్నాను. మూర మల్లెలు పెట్టుకున్నాను. లైబ్రరీ పై అంతస్తులోని హాలు నిండా జనం. జయప్రకాష్ కొత్త కోటు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

“అరె, మధుమితా! పెళ్లికళ వచ్చేసిందే! రా రా, కూర్చో. అయినాక టిఫిన్ తినేసే పోవాల.”

“తప్పకుండా అన్నా,” అన్నాను.

గంటసేపు మాట్లాడాడు. నా గూడబాతుల ఫొటోలు చూపించాడు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు రంగసామి గారు నాలుగు ప్రశ్నలడిగి, “సభలో ఎవరికైనా సందేహాలున్నాయా?” అన్నారు. లేచి నిలబడ్డాను.

“1932 నివేదికలో జాలర్ల అర్జీ గురించి రాశారు. చాలా అరుదైన ఆధారం. అది మీరే స్వయంగా చదివారా, వేరేవాళ్ల థీసిస్ నుంచి తీసుకున్నారా?”

అతని మొహం ఒక్క క్షణం గట్టిపడి, మళ్లీ నవ్వింది. “చదవకుండా నేను ఒక్క ఆధారం కూడా రాయను. నేనే చదివాను. నీకు కూడా నేనే చెప్పాను కదమ్మా.”

“కింద లైబ్రరీలోనా?”

రిజిస్టర్ సంగతి గుర్తొచ్చిందేమో, తడుముకున్నాడు. “లేదు, లేదు. ఆన్‌లైన్‌లో. స్కాన్ కాపీ.”

“ఆ కాపీ మీద కూడా 1932 అనే ఉందా?”

“ఉండాది. కళ్లారా చూశాను.”

నేను గుమ్మం వైపు చూశాను. లూర్దుమేరి గారు పుస్తకాల బండి తోసుకుంటూ లోపలికి వచ్చింది. దాని మీద ఆ సంపుటం, రిజిస్టర్, నా థీసిస్. అన్నీ రంగసామి గారి ముందు పెట్టి, స్కాన్ కాపీ ఉన్న ట్యాబ్లెట్ తెరిచింది. కుట్టు మారిన చోటు నేను చూపించాను. ఆయన చాలాసేపు పేజీలు తిప్పారు.

“ఈ పొరపాటు ఎవరిది?” అన్నారు చివరికి.

“నాదండీ,” అన్నాను. నా గొంతు ఖంగుమంది. “నా థీసిస్‌లో అరవై ఒకటో పేజీ. పొరపాటు నాది, పరిశోధన కూడా నాదే.”

రంగసామి గారు జయప్రకాష్ వైపు తిరిగారు. “మీరు చూశానన్న కాపీ మీద 1927 అని ఉంది. మూడో గూళ్ల గుంపులో పిల్లలు ఎక్కువగా కక్కిన చేప ఏది?”

జయప్రకాష్ తెర వైపు చూశాడు. తెర మీద గూడబాతు ఫొటో ఒక్కటే ఉంది. మా ప్రొఫెసర్ తల వంచుకున్నాడు. విచారణ జరిగేదాకా పరీక్ష ఆపేస్తున్నట్టు రంగసామి గారు కాగితం మీద రాసి సంతకం పెట్టారు.

మెట్ల దగ్గర జయప్రకాష్ నన్ను అందుకున్నాడు. కోటు చేతి మీద వేలాడుతోంది.

“మధుమితా, మా అమ్మ వచ్చుండాది లోపల. ఒక్క మాట చెప్పు, నీ ఇష్టంతోనే ఇచ్చినావని. పత్రికలో నీ పేరు ముందు వేయిస్తాను. నా పేరు తర్వాత.”

రెండేళ్ల కింద ఈ మాట అని ఉంటే నేను చేతులెత్తి దండం పెట్టేదాన్ని. ఇప్పుడు జాలి కోసం లోపలంతా వెతికాను. అస్సలు దొరకలేదు. దొరకనందుకు హాయిగా అనిపించింది.

“తర్వాత కూడా మీ పేరు ఉండదు,” అని దిగిపోయాను.

కింద రీడింగ్ రూములో కూర్చుని రాతపూర్వకమైన ఫిర్యాదు మూడు పేజీలు రాసి ఆఫీసులో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. ఈయన పై నుంచి కాగితం ప్లేటులో రెండు వడలు, చట్నీ తెచ్చాడు. జయప్రకాష్ ఏర్పాటు చేసిన టిఫిన్. వడ కరకరలాడుతోంది, మిరియాలు సరిగ్గా పడ్డాయి. రెండూ నేనే తినేశాను.

“పోదామా? మనసు నిండిందా?” అన్నాడు ఈయన.

“ఇంకా లేదండీ. ఆ పత్రికవాళ్లకి రాయాలి, వాడి వ్యాసం తీసేయమని.”

“ఎప్పుడు?”

కొంగుతో చేతులు తుడుచుకుని, లూర్దుమేరి గారిని ఇంకో తెల్లకాగితం అడిగాను.